చుక్కమ్మ తల్లి వెలసిన విధము

ఆలుమగల మధ్య వచ్చే ప్రతి నూరు తగాదాల్లో అరవై రెండు 'ఎక్కడున్నావ్?' అన్న మాటతోనే మొదలవుతున్నాయని మా శాఖ చేయించిన సర్వేలో తేలింది. మిగతా ముప్పై ఎనిమిది ఎలా మొదలవుతున్నాయో తెలియలేదు. సర్వేవాళ్లు వెళ్లినప్పుడు ఆ ఇళ్లలో తగాదా నడుస్తూ ఉండడంతో ఎవరూ తలుపు తీయలేదు. అయినా అరవై రెండంటే ఫస్టుక్లాసు. కాబట్టి ఆ ప్రశ్నే అక్కర్లేకుండా చేస్తే సంసారాలు వాటంతటవే చక్కబడతాయని పైవాళ్లు తీర్మానించారు. దాంపత్య స్థాన పారదర్శక పథకం అలా పుట్టింది. మొదటగా అమలు చేయడానికి మా నల్లగుండ్ల డివిజన్ను ఎంపిక చేశారు. ఎంపిక జరిగిన రోజున మీటింగుకు ఆలస్యంగా వెళ్లింది మా డిప్యూటీ డైరెక్టరు గారొక్కరే.

ఆ పథకం ఫైళ్లు చూసే జూనియర్ అసిస్టెంటును నేను. పేరు నాసరయ్య. మా నాయన పలకల గనిలో రాళ్లు చీల్చాడు. ఆయన చీల్చిన పలకల మీద ఎందరి పిల్లలో అక్షరాలు దిద్దుకున్నారు గానీ, మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లింది మాత్రం నేనొక్కణ్ణే. అందుచేత కాగితం మీద అచ్చయి, కింద సంతకం ఉన్న దేన్నయినా నేను గౌరవిస్తాను. ఈ పథకాన్నీ అలాగే గౌరవించాను.

పథకం చాలా సులువు. భార్యాభర్తలిద్దరూ ఫోన్లలో 'తోడునీడ' అనే యాప్ పెట్టుకోవాలి. మ్యాపు మీద భర్త నీలం చుక్క, భార్య పసుపు చుక్క. రెండు చుక్కల మధ్య గానీ, ఇంటికీ చుక్కకీ మధ్య గానీ దూరం నూరు మీటర్లు దాటితే, దూరం వెళ్లినవారు ఆమోదిత కారణాల్లో ఒకటి నొక్కాలి. ఉద్యోగం, సంత, ఆసుపత్రి, పుట్టిల్లు, దైవదర్శనం, చావు పలకరింపు, ఇలా మొత్తం ఇరవై మూడు. నొక్కితే చుక్క ఆకుపచ్చగా మారుతుంది, ఏదీ నొక్కకపోతే ఎర్రబడుతుంది. ఎర్రగా ఉన్న నిమిషాలన్నీ రెండు నెలలకోసారి జాబితాగా తయారై నా బల్ల మీదికి వస్తాయి. జనానికి ఆదర్శంగా ఉండాలి గనుక ఉద్యోగుల ఇళ్లలో ఎర్ర నిమిషమనేదే ఉండరాదు. ఉంటే ఇంక్రిమెంటు ఆగుతుంది. ప్రొబేషన్‌లో ఉన్నవాడికైతే ప్రొబేషన్ డిక్లేర్ కాదు. నాకు ప్రొబేషన్ రెండేళ్లూ పథకం మొదలైన నాలుగో నెల పదో తేదీతో పూర్తవుతాయి.

మొదట్లో చిన్న చిన్న ఇబ్బందులు వచ్చాయి. మా డిప్యూటీ డైరెక్టరు సీతాపతిరావు గారు చాలా పద్ధతైన మనిషి. కాఫీ కావాలన్నా 'ఒక కప్పు కాఫీ సరఫరా నిమిత్తం తగు చర్య తీసుకోవలసినది' అంటారు. పథకం మొదలైన మర్నాడే ఆయన కళ్లు ఎర్రగా చేసుకుని ఆఫీసుకు వచ్చారు. ఆయనా, భార్య విమలాదేవి గారూ ఒకే మంచం మీద పడుకున్నా, వాళ్లు రెండు వందల నలభై మీటర్ల దూరంలో ఉన్నారని యాప్ చూపించిందట. టవరు లోపం కావచ్చునని పైకి రాశాం. 'యాప్ లోపరహితము. దంపతులే తగురీతిని సర్దుకొనవలెను' అని జవాబు వచ్చింది. ఆ వారమంతా వాళ్లు మంచాన్ని ఇల్లంతా తిప్పారు. చివరికి డాబా మీద నీళ్ల ట్యాంకు కింద చుక్కలు రెండూ కలిశాయి. అప్పట్నుంచి ఆ దంపతులు అక్కడే పడుకుంటున్నారు. వాన వచ్చిన రోజుల్లో కూడా గొడుగు కింద వాళ్ల చుక్కలు కలిసే ఉన్నాయని నేను నివేదికలో ప్రత్యేకంగా రాశాను.

రెండో నెలలో ఆదర్శ దంపతుల సన్మానం పెట్టాం. డివిజన్ మొత్తంలో ఒక్క జంటకే నూటికి నూరు వచ్చింది. అరవై రోజుల్లో వాళ్ల చుక్కలు ఒక్క మీటరు కూడా ఎడబాయలేదు. కుర్చీలు వేసి, మైకు పెట్టి ఎదురుచూస్తుంటే ఒక పెద్దావిడ స్టీలు పళ్లెంలో రెండు ఫోన్లు పట్టుకుని వచ్చింది. ఆమె ఆ జంటకు సంబంధం కుదిర్చిన మేనత్త. మొగుడూ పెళ్లాలిద్దరూ నాలుగేళ్ల కిందటే విడిపోయి చెరో ఊళ్లో ఉంటున్నారనీ, వీళ్ల గొడవ తనకెందుకని రెండు ఫోన్లూ తన ఇంట్లో ఒకే ప్లగ్గు బోర్డుకు తగిలించి ఉంచాననీ ఆమె చెప్పింది. సీతాపతిరావు గారు ఒక్క నిమిషం ఆలోచించి రూల్సు పుస్తకం తెప్పించారు. అందులో 'దంపతులు అనగా నమోదైన రెండు నంబర్లు' అని ఉంది. వెంటనే ఫోన్లకు శాలువా కప్పి, దండ వేశారు. సభ మధ్యలో వాటిలో ఒకటి మోగింది గానీ ఎత్తే అధికారం ఎవరికి ఉందో తెలియక ఎవరం ఎత్తలేదు.

ఆ ఫొటో పేపర్లో పడ్డాక పైనుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ఎర్ర చుక్క కనిపిస్తే ముగ్గురు సభ్యుల కమిటీ ఆ చోటికే వెళ్లి, ఫోను వెంట మనిషి ఉన్నదీ లేనిదీ, మనిషి వెంట కారణం ఉన్నదీ లేనిదీ కళ్లారా చూసి నమోదు చేయాలి.

ఆ ఉత్తర్వు కింద వచ్చిన మొదటి జాబితాలో మొదటి పేరు మా ఆవిడది.

మా ఆవిడ ఆదిలక్ష్మి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. పిల్లలకు వడ్డించి, గిన్నెలు తోమి ఒకటీ ముప్పావుకు బయటపడుతుంది. అక్కణ్ణుంచి తిన్నగా ఇంటికి రావాలి. కానీ జాబితా ప్రకారం రోజూ రెండు నుంచి రెండు నలభై దాకా ఆమె చుక్క మార్కెట్ యార్డు వెనక, పాత పలకల గని దగ్గర ఎర్రగా నిలబడి ఉంది. ముప్పై ఎనిమిది బడి రోజులుగా ఇదే వరస. అక్కడ ఇల్లు లేదు, కొట్టు లేదు, గుడి లేదు. చీలికలై పోసిన రాళ్ల గుట్టలు, ఒక తుమ్మచెట్టు, అంతే.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి నిదానంగా అడిగాను. అడగడానికి సందు దొరికేసరికి చాలాసేపు పట్టింది. మా ఇంట్లో రెండే గదులు. ఒకదానిలో మా అమ్మ మంచం మీద కూర్చుని 'ఆదిలక్ష్మీ, చెంబెక్కడ పెట్టావే' అంటోంది. రెండోదానిలో ఆడపిల్లలిద్దరూ 'అమ్మా, అది నా పెన్సిలు' అంటున్నారు. ఆదిలక్ష్మి చెంబిచ్చి, పెన్సిలు విరిచి చెరో ముక్కా చేతిలో పెట్టి, నా ముందుకొచ్చి నిలబడింది.

"ఆడికి పోతా మావా. అంతే" అంది.

అంతే అన్నది ఇరవై మూడింటిలో లేదని చెప్పాను. సంత అని నొక్కితే సరిపోయేదిగా అంటే, సంత లేని చోట సంతని ఎందుకు నొక్కుతానంది. అబద్ధం నొక్కమని నేనూ చెప్పలేను. నా ప్రొబేషన్ సంగతి ఎత్తాను. పర్మినెంటు అయితే మూడో గది వేసుకోవచ్చని గుర్తు చేశాను. 

"నీ ఉద్యోగం కోసం ఏమన్నా చేస్తా మావా. జామున లెయ్యమంటే లేస్తా. ఆ నలభై నిమిషాలు మాత్రం ఎందుకని అడగమాక. గేదెక్కూడా కాసేపు మెడలో గంట తీస్తారు" అంది.

ఈలోగా మా అమ్మ మళ్లీ పిలిచింది. ఆదిలక్ష్మి వెళ్లిపోయింది.

మర్నాడు రూలు ప్రకారం, ఫైలు చూసే గుమాస్తాగా నేను, ఆ స్త్రీ భర్త అయిన నాకు మెమో జారీ చేశాను. అందినట్టు సంతకం పెట్టి తీసుకున్నాను. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. భర్తగా ఇంకో వారం గడువు కోరాను. తొందర విషయమైనందున గడువు మంజూరు చేయడానికి వీల్లేదని గుమాస్తాగా తిప్పి పంపాను. అంతకన్నా నేను చేయగలిగింది లేక ఫైలును కమిటీకి పుటప్ చేశాను. కమిటీలో సీతాపతిరావు గారు అధ్యక్షులు. సూపరింటెండెంటు మస్తానమ్మ మేడం సభ్యురాలు. మూడోవాణ్ణి నేను.

శుక్రవారం రెండూ అయిదుకు మా జీపు పలకల గని దగ్గర ఆగింది. ఆదిలక్ష్మి తుమ్మచెట్టు నీడలో ఒక వెడల్పాటి పలకరాయి మీద కూర్చుని ఉంది. చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుంది. చేతిలో ఏమీ లేదు. ఫోను పక్కన బోర్లించి ఉంది. మమ్మల్ని చూసి లేవబోయి, ఎందుకో మానేసింది.

"ఇట్టి స్థలమునందు తమరి ఉనికికి గల కారణమును కమిటీ వారికి విశదపరచవలసినది" అన్నారు సీతాపతిరావు గారు.

ఆమె నావైపు చూసింది. ఎందుకొచ్చావని అడుగుతున్నారని నేను విప్పి చెప్పాను.

"కూసున్నా సార్."

"ఏ నిమిత్తము?"

"కూసోడానికే."

ఆయన జాబితా తిరగేశారు. పదకొండోది విశ్రాంతి. అయితే దానికి 'స్వగృహమునందు మాత్రమే' అని బ్రాకెట్టు ఉంది. కూర్చొనుట అనునది ఇంటియందు సైతం సాధ్యమే కదా అని ఆయన అడిగారు.

"ఇంట్లో కూసుంటే లెయ్యమంటారు సార్" అంది ఆదిలక్ష్మి. "పొద్దున లేచిన కాడ నుంచి ఆదిలక్ష్మీ అని ఎవురో ఒకరు పిలుస్తానే ఉంటారు. బళ్లో పిలుస్తారు, ఇంట్లో పిలుస్తారు, కుళాయి కాడ పిలుస్తారు. ఈడ ఎవురూ పిలవరు. మీరొచ్చిందాకా ఎవురూ పిలవలా."

మస్తానమ్మ మేడం రాయడం ఆపారు. కాళ్లు లాగుతున్నాయంటూ పక్కనున్న ఇంకో రాయి మీద కూర్చున్నారు. కాసేపటికి ఆవిడా చెప్పులు విడిచారు. కారణం బయటపడేదాకా పరిశీలించాలని ఉత్తర్వులో ఉంది గనుక నేనూ సీతాపతిరావు గారూ నిలబడి పరిశీలిస్తూ ఉన్నాం. ఏమీ జరగలేదు. అలా ఏమీ జరగకుండా పది నిమిషాలు గడిచాక సీతాపతిరావు గారి ఫోను మోగింది.

అప్పుడు తెలిసింది మేం చేసిన పొరపాటు. ప్రభుత్వ పర్యటన అన్నది రెండో కారణం. కానీ దాన్ని నొక్కాలంటే మూడు రోజుల ముందు పర్యటన కార్యక్రమం మంజూరై ఉండాలి. మాది ఆకస్మిక తనిఖీ. కాబట్టి మా చుక్కలు కూడా ఎర్రబడ్డాయి. ఎర్రబడిన వెంటనే మా ఇంటివాళ్ల ఫోన్లు కూత పెట్టాయి. ఆ కూతనీ, చుట్టుపక్కల ఇంకెవరి చుక్కలున్నాయో చూపే సౌకర్యాన్నీ ఆ వారమే కొత్తగా పెట్టారు. ఊరి బయట నిర్మానుష్య ప్రదేశంలో తన భర్త చుక్క పక్కన ఇద్దరు ఆడవాళ్ల చుక్కలు విమలాదేవి గారికి కనిపించాయి.

ఆవిడ అయిదు నిమిషాల్లో ఆటోలో దిగారు. ఆవిడ వెనకే మస్తానమ్మ మేడం భర్త హజరత్తయ్య గారు మోపెడ్ మీద వచ్చారు. మంగలి షాపులో ఉండగా ఫోను కూసిందట, ముఖానికి సగం గడ్డంతో, మెడ చుట్టూ గుడ్డతో అలాగే వచ్చేశారు. ఆ గుడ్డ కోసం మంగలి వచ్చాడు. మంగలి చుక్క షాపు వదిలిందని అతని భార్య వచ్చింది. ఆటో డ్రైవరు భార్య, జీపు డ్రైవరు భార్య ఎలాగూ వచ్చారు. వచ్చినవాళ్లలో ఎవరి దగ్గరా ఆమోదిత కారణం లేదు. అందరి ఫోన్లూ కూస్తున్నాయి. అందరూ ఒకరినొకరు అడుగుతున్న మాట ఒక్కటే: ఎక్కడున్నావ్ అన్నది ఇక అక్కర్లేదు గనుక, ఎందుకున్నావ్ అని.

మూడింటి దాకా వదిలేస్తే డివిజన్ మొత్తం అక్కడికి చేరేలా ఉంది. సీతాపతిరావు గారు నుదురు తుడుచుకున్నారు. "ఇందరికీ ఏకకాలమున వర్తించు కారణమేదైనా కలదా?" అని నన్నడిగారు.

జాబితా నాకు కంఠతా వచ్చు. తొమ్మిదోది సార్, దైవదర్శనం, కుటుంబ సమేతంగా ఎందరికైనా చెల్లుతుందని చెప్పాను.

"దైవము ఎచట?"

 విమలాదేవి గారు చుట్టూ ఒకసారి చూసి, ఆదిలక్ష్మి దగ్గరికెళ్లి, కాస్త లెగమ్మా అన్నారు. ఆదిలక్ష్మి లేచింది. ఆమె కూర్చున్న పలకరాయిని జీపు డ్రైవరూ, మంగలీ పట్టి నిలబెట్టారు. నేనూ ఒక చెయ్యి వేశాను. హజరత్తయ్య గారు నీళ్ల సీసాతో రాయి కడిగారు. మస్తానమ్మ మేడం బ్యాగులోంచి కుంకుమ భరిణె తీశారు. బొట్టు పెట్టగానే అందరం దండం పెట్టి తొమ్మిది నొక్కాం. ఒక్కసారిగా చుక్కలన్నీ పచ్చబడ్డాయి. అది చూసి మంగలి భార్య నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆదిలక్ష్మి చెప్పులేసుకుని వెళ్లిపోయింది. అప్పటికి రెండూ ముప్పై అయిదే అయింది.

కమిటీ నివేదికలో 'సదరు ఆదిలక్ష్మి దైవదర్శనార్థము వెళ్లుచున్నట్లు తేలినది. ఇది గత దినములకును వర్తించును' అని రాశారు. నా ముప్పై ఎనిమిది ఎర్ర గీతలూ పోయాయి. పదో తేదీన ప్రొబేషన్ డిక్లేర్ అయింది.

గుడి కూడా పెరిగింది. ఆ చోట ఎంతమంది నిలబడితే అంతమంది చుక్కలూ పచ్చబడతాయన్న వార్త రెండు రోజుల్లో ఊరంతా పాకింది. చుక్కమ్మ తల్లి అని పేరు పెట్టారు. మొగుడి చుక్క ఇల్లు కదలకూడదని ఆడవాళ్లు మొక్కుకున్నారు. టవరు కూలాలని మగవాళ్లు మొక్కుకున్నారు. మొక్కు తీరినవాళ్లు తుమ్మచెట్టుకు పాత సిమ్ములు కట్టారు. శుక్రవారాలు కొబ్బరికాయల బళ్లు నాలుగు నిలబడుతున్నాయి. ఇంతమంది నిజంగానే దేవుణ్ణి చూడ్డానికి వస్తున్నారు గనుక పథకం మీద వేలెత్తి చూపడానికి ఏమీ లేకపోయింది. అమ్మవారిని మా శాఖే వెలయించింది కాబట్టి నిర్వహణ కూడా మా శాఖదేనని తేల్చి, ఆ ఫైలును పర్మినెంటు అయిన నాకే అప్పగించారు.

ప్రొబేషన్ ఆర్డరు కాపీ చేతికొచ్చిన రోజు మధ్యాహ్నం లడ్డూలు తీసుకుని ఇంటికెళ్లాను. దారిలో యాప్ చూశాను. రెండూ పది. మా ఆవిడ చుక్క ఇంట్లోనే, నిండు పసుపుగా ఉంది. ఇంట్లోకి వెళ్తే గదుల్లో లేదు. మా అమ్మ స్నానాల గది తలుపు ముందు నిలబడి 'ఆదిలక్ష్మీ, ఇంకా ఎంతసేపే' అంటోంది. తలుపు పగులులోంచి చూస్తే ఆదిలక్ష్మి లోపల బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉంది. స్నానం చేయడం లేదు. గోడ వైపు చూస్తోంది.

ఆర్డరు వచ్చిందని తలుపు బయటి నుంచే చెప్పాను.

"కుదిరిందా మావా?"

"కుదిరింది."

"మంచిదే" అంది. గడియ మాత్రం తీయలేదు.

ఆ లడ్డూలు మా అమ్మా, పిల్లలూ తిన్నారు. నేను తినలేదు. ఆ రాయి మీద నేను వేసిన చెయ్యి నాకు గుర్తుకొస్తూనే ఉంది.

సోమవారం పైనుంచి ఉత్తరం వచ్చింది. అమ్మవారి దినచర్య, పూజావేళల పట్టిక వెంటనే పంపాలట. అచ్చులో ఉన్న ప్రతిదాన్నీ గౌరవించేవాణ్ణని చెప్పాను కదా. అంతవరకూ కాగితం మీద నేను కల్పించి ఒక్క అక్షరం రాయలేదు. ఆ రోజు రాశాను. ఉదయం ఆరుకు మేలుకొలుపు, తొమ్మిదికి కుంకుమపూజ, ఇలా రాసుకుంటూ వచ్చి ఈ పేరా చేర్చాను.

'మధ్యాహ్నం రెండు గంటల నుంచి రెండు నలభై వరకు అమ్మవారి ఏకాంత సేవ. ఆ సమయమున తుమ్మచెట్టు నీడలోనికి ఎవ్వరికీ ప్రవేశము లేదు. గంట కొట్టరాదు. ఫోనులు బయటనే విడువవలెను. పేరు పెట్టి ఎవ్వరినీ పిలువరాదు.'

సీతాపతిరావు గారు కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు.

"దేవతకు సైతం ఏకాంతము అవసరమగునని ఎచ్చటనైనా కలదా?"

"పెద్ద గుళ్లన్నిట్లో ఉంది సార్. అంతటి దేవుడే తలుపులేసుకుంటాడు. మన అమ్మవారికి లేకపోతే తక్కువ చేసినట్టవుద్ది."

ఆయన చాలాసేపు కిటికీలోంచి చూశారు. నీళ్ల ట్యాంకు కింద ఆయన గడుపుతున్న రాత్రులు గుర్తుకొచ్చాయేమో నాకు తెలియదు. ఏకాంత సేవకు ఒక మనిషిని నియమించవలెను కదా అన్నారు. అమ్మవారు వెలసిన నాడు ఆ స్థలంలో అందరికన్నా ముందున్న మనిషి ఎవరో కమిటీ రికార్డులోనే ఉందని చూపించాను. ఆయన సంతకం పెట్టారు. మస్తానమ్మ మేడం సీలు వేస్తూ, వారానికో రోజు తనక్కూడా ఏమన్నా సేవ ఉంటే చూడమని మెల్లగా అన్నారు.

మొదటి రోజు రెండు గంటలకు నేనే వెళ్లి తాడు కట్టాను. ఆదిలక్ష్మి నోటీసు బోర్డు పూర్తిగా చదివింది. నా ముఖం చూసింది. ఫోను తీసి నా చేతిలో పెట్టి, తాడు కింద నుంచి వంగి లోపలికెళ్లి, రాయి వెనక నీడలోకి తప్పుకుంది. తాడు బయట ఎండలో వంద మంది దాకా నిలబడ్డారు. గొడుగు కింద సీతాపతిరావు గారూ, విమలాదేవి గారూ ఉన్నారు. ఎవరూ చప్పుడు చేయలేదు.

రెండుంపావుకు మా అమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఇంట్లో చెంబు మళ్లీ కనపడలేదట. తాడు పట్టుకుని, లోపలికి చూసి, గట్టిగా గాలి పీల్చి, "ఆది..." అంది.

వంద మందీ ఒక్కసారిగా పెదాల మీద వేలు పెట్టుకుని ఆమె వైపు తిరిగారు.

మా అమ్మ అందరినీ చూసింది. తర్వాత చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి, నీడవైపు తిరిగి దండం పెట్టింది.